బంజలంగుల ఆకు, బజారులో నూనె

మా ఏజెన్సీ పిల్లల్లో జామాయిల్ తోట చూడనివాళ్లు ఉండరు. గీత గీసినట్టు వరసలు, కింద గడ్డి కూడా సరిగా మొలవని నేల, ఆకు నలిపితే ముక్కు దాకా ఎక్కే వాసన. మా చిన్నప్పుడు జలుబు చేస్తే ఆ ఆకు వేసి కాచిన నీళ్లతో ఆవిరి పట్టేవాళ్లం. ఆ చెట్టు ఆస్ట్రేలియా నుంచి వచ్చిందని బడిలో చదువుకున్నాం. పంతుళ్లమయ్యాక మేమూ పిల్లలకు అదే చెప్పాం. ఆ చెట్టు పుట్టిన నేల మీద మనలాంటి జనం ఉన్నారనీ, ఆ నేల ఆకుల సంగతి అందరికంటే ముందు వాళ్లకే తెలుసనీ ఏ పాఠంలోనూ లేదు. మేమూ ఎవర్నీ అడగలేదు.

అడగాల్సిన రోజు ఒక వానాకాలంలో వచ్చింది. మేము పనిచేసే ఆశ్రమ పాఠశాలలో గజ్జి పట్టుకుంది. ఒకే గదిలో అంతమంది పిల్లలు పడుకుంటే గజ్జి రాకుండా ఎలా ఉంటుంది? ఆరో తరగతి అమ్మాయి ఒకామెకు వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర బాగా వచ్చింది. పట్నం నుంచి ఎవరో తెచ్చిన చిన్న సీసా ఒకటి మా దగ్గర ఉంది. టీ ట్రీ ఆయిల్. ఆకుల నుంచి తీసిందే కదా, మంచిదే కదా అనుకుని దూదితో ముంచి రాత్రి పూసేశాం. పొద్దున చూస్తే చేతులు కందిపోయి, రెండు చోట్ల బొబ్బలు లేచాయి. పీహెచ్‌సీకి తీసుకెళ్తే డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు గానీ, సీసా అడిగి తీసుకుని దాని మీది సన్నటి ఇంగ్లీషు అక్షరాలు పైకి చదివింది. పైపూతకు మాత్రమే. వేరే నూనెలో కలిపి వాడాలి. ముందు కొద్దిచోట పూసి చూడాలి. పిల్లలకు అందకుండా ఉంచాలి.

ఆదివారం ఆ అమ్మాయి నానమ్మ వచ్చింది. వాళ్ల ఊళ్లో పసరు మందులు ఇచ్చేది ఆమే. సంగతంతా విని ఒకే మాట అడిగింది. "ఆకు ఇచ్చినోళ్లు ఎంత వాడాలో కూడా చెప్పే ఉంటారు గదా సారూ. ఆ మాట సీసాతో రాలేదా?"

ఆ మాట సీసా మీద ఉంది. మేము చదవలేదు. కానీ ఆమె అడిగింది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఆకు ఇచ్చిన వాళ్లెవరు? వాళ్ల మాట ఎక్కడ తప్పిపోయింది? మేము వెతికి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు పేరు గొడవ తీర్చుకుందాం. టీ ట్రీ అంటే మనం తాగే టీ చెట్టు కాదు. నీలగిరిలో, అస్సాంలో పెంచే టీ మొక్క వేరు, దాని కుటుంబమే వేరు. టీ మొక్కకు దగ్గరి చుట్టాల గింజల నుంచి తీసే నూనె ఒకటుంది. చైనాలో దాన్ని వంటకు వాడతారు. ఈ రెండు నూనెల పేర్లు దగ్గరగా ఉండడం ప్రమాదం. ఆ గింజల నూనె తినవచ్చు. టీ ట్రీ నూనె మాత్రం ఒక చెంచా కూడా లోపలికి పోకూడదు. మనం మాట్లాడుకునే చెట్టు శాస్త్రీయ నామం మెలలూకా ఆల్టర్నిఫోలియా. సన్నని ఆకులు, పొరలు పొరలుగా కాగితంలా ఊడే తెల్లటి బెరడు, నేరేడు పూతలా కేసరాలు విచ్చుకునే తెల్లని పూలు. నేరేడు అన్నది ఊరికే అనలేదు. జామ, నేరేడు, లవంగం, మన జామాయిల్, ఈ టీ ట్రీ, అన్నీ ఒకే కుటుంబం. వీటి ఆకు ఏది నలిపినా వాసన వస్తుంది. సైన్సు పాఠం చెప్పే పంతుళ్లు ఈ ఆకుల్లో దొరికేవి తెచ్చి పిల్లల చేత నలిపించి వాసన చూపిస్తే, కుటుంబం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మరి టీ అన్న పేరు ఎలా వచ్చింది? కెప్టెన్ కుక్ రెండో సముద్రయానంలో, 1773లో న్యూజిలాండ్ తీరాన ఓడ ఆపాడు. నావికులకు స్కర్వీ జబ్బు రాకుండా ఉండాలని అక్కడి ఒక పొద ఆకును టీలాగా కాచి తాగించాడు. ఆ పొద వేరే జాతిది. కానీ పేరు నిలిచిపోయింది. అలాంటి ఆకులున్న పొదలు ఎక్కడ కనపడినా తెల్లవాళ్లు టీ ట్రీ అనడం మొదలుపెట్టారు. కుక్ ఆస్ట్రేలియాలో ఈ చెట్టు దగ్గరే కూర్చుని అక్కడి ఆదివాసులతో కలిసి టీ తాగినట్టు కొన్ని ప్రకటనల్లో కథ కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. ఆ చెట్టు పెరిగే తీరాన్ని కుక్ 1770 మే నెలలో ఓడ మీద నుంచి చూశాడు, అంతే. అక్కడ దిగలేదు. దిగకుండానే ఒక మొనకు కేప్ బైరన్ అనీ, ఒక కొండకు మౌంట్ వార్నింగ్ అనీ పేర్లు పెట్టి వెళ్లిపోయాడు. ఆ కొండకు అప్పటికే పేరుంది. వొల్లంబిన్. ఊరికీ వాగుకూ మన పేరుండగా రికార్డుల్లో వేరే పేరు ఎక్కడం మనకు కొత్తగా చెప్పాలా!

ఆ నేల బంజలంగ్ జనానిది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, క్లారెన్స్ నది నుంచి పైకి, రిచ్‌మండ్ నదిని దాటి, క్వీన్స్‌లాండ్ సరిహద్దు అవతల దాకా వాళ్ల నేల. బంజలంగ్ అనేది ఒక్క తెగ కాదు. దగ్గర దగ్గర మాటలున్న అనేక గుంపులు కలిసిన జాతి. రిచ్‌మండ్‌లో కలిసే బంగవాల్బిన్ వాగు చుట్టూ ఉన్న బురద నేలల్లో ఈ చెట్టు గుబురుగా పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద దానికదే పుట్టి పెరిగిన చోటు దాదాపు ఆ ప్రాంతమే.

వాళ్లు ఆ ఆకును వాడిన తీరు వింటే మన ఊళ్లో పెద్దవాళ్లు గుర్తొస్తారు. దగ్గు, జలుబు వస్తే ఆకు నలిపి వాసన పీల్చేవారు. దెబ్బ మీద నలిపిన ఆకు చల్లి, పైన మన్ను మెత్తినట్టు పట్టు వేసేవారు. గొంతు నొప్పికి, చర్మం జబ్బులకు ఆకు నానబెట్టిన నీళ్లు వాడేవారు. చుట్టూ ఉన్న చెట్ల ఆకులు రాలి నాని నాని నీళ్లు టీ రంగుకు తిరిగిన మడుగులు అక్కడున్నాయి. ఆ నీళ్లలో మునిగితే ఒంటికి మంచిదని వాళ్ల పెద్దల మాట. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లు వాడింది ఆకు. ఆకు నలిపిన పసరు, ఆకు నానిన నీళ్లు, ఆకు వాసన. నూనె కాదు. బట్టీ పెట్టి తీసే తైలం వాళ్ల వైద్యంలో లేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

1840ల నాటికి ఆ నదుల వెంట ఎర్ర దేవదారు కలప కోసం తెల్లవాళ్లు దిగారు. కలప అయిపోయాక పశువుల మందలు, చెరకు తోటలు. 1850ల మొదట్లో ఈస్ట్ బల్లినా దగ్గర నేటివ్ పోలీస్ దళం బంజలంగ్ కుటుంబాల మీద కాల్పులు జరిపింది. ఆ దళంలో తుపాకి పట్టిన మనుషులు కూడా వేరే ప్రాంతాల ఆదివాసులే, పైన అధికారులు మాత్రం తెల్లవాళ్లు. తర్వాత చట్టాలొచ్చాయి. 1909లో న్యూ సౌత్ వేల్స్ ఆదివాసుల రక్షణ చట్టం చేసింది. పేరు రక్షణ. పనిలో అది ఆదివాసులు ఎక్కడ ఉండాలో, ఎక్కడికి పోకూడదో ఒక బోర్డు చేతిలో పెట్టిన చట్టం. 1915లో దాన్ని సవరించి, కోర్టుకు వెళ్లకుండానే పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారం ఆ బోర్డుకు ఇచ్చారు. నానమ్మ దగ్గర కూర్చుని ఆకుల పేర్లు నేర్చుకోవాల్సిన పిల్లలు బోర్డు హాస్టళ్లలో ఇంగ్లీషు ప్రార్థనలు నేర్చుకున్నారు. ఆకుతో పాటు రావాల్సిన మాట తెగిపోయింది అక్కడే అని మాకనిపిస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే నూనె కథ మొదలవుతుంది. 1920లలో సిడ్నీలోని టెక్నలాజికల్ మ్యూజియంలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయనవేత్త ఆస్ట్రేలియా చెట్ల ఆకులను బట్టీ పట్టి నూనెలు తీసి పరీక్షిస్తున్నాడు. అప్పట్లో ఆపరేషన్ గదుల్లో క్రిములను చంపడానికి కార్బాలిక్ ఆమ్లం వాడేవారు. టీ ట్రీ నూనె దానికి 11 రెట్లు బలమైనదని ఆయన ప్రకటించాడు. 1930లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో దీన్ని కొత్త ఆస్ట్రేలియా క్రిమిసంహారిణిగా పరిచయం చేశారు. కొత్త అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. బంజలంగులకు అది కొత్తదా? న్యాయంగా చెప్పాలంటే నూనె కొత్తదే, దాన్ని కొలిచి చూసిన పద్ధతీ కొత్తదే. పెన్‌ఫోల్డ్ శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ ఆకు పుండుకు పనికొస్తుందన్న ఎరుక మాత్రం కొత్తది కాదు. ఆ ఎరుక ఉన్నవాళ్లు అప్పుడు ఆ బోర్డు కింద, సొంత నేల మీద తిరగడానికి కూడా ఒకరి అనుమతి కావాల్సిన స్థితిలో ఉన్నారు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. బురద నేలల్లో కొమ్మలు చేత్తో నరికి, అక్కడే కట్టెల మంట మీద బట్టీలు పెట్టి నూనె తీశారు. రెండో ప్రపంచ యుద్ధం కాలం దాకా దానికి గిరాకీ ఉంది. యుద్ధం తర్వాత పెన్సిలిన్ లాంటి మందులు వచ్చి ఈ నూనెను జనం మరిచిపోయారు. 1970లలో ఆకు మందుల మీద మళ్లీ మోజు పుట్టింది. అప్పుడే తోటలు వేయడం, యంత్రాలతో కోయడం మొదలైంది. కోసిన మోడు నుంచి మళ్లీ చిగురించే గుణం ఈ చెట్టుకు ఉంది. అంతకు ముందు ఎంత నరికినా చావడం లేదని రైతులు దీన్ని తిట్టుకున్నారు. ఇప్పుడు అదే గుణం పంటకు పనికొచ్చింది.

ఇక పసరుకూ తైలానికీ తేడా. వంద కిలోల పచ్చి ఆకును బట్టీ పెడితే వచ్చే నూనె ఒకటి, రెండు కిలోలు మాత్రమే. అంటే మన చేతిలో ఉన్న పది మిల్లీలీటర్ల బుల్లి సీసాలో అర కిలో నుంచి కిలో దాకా ఆకు సారం ఉంది. బంజలంగ్ అమ్మ పిల్లాడి పుండు మీద గుప్పెడు ఆకు నలిపి పెట్టింది. మేము మా అమ్మాయి వేళ్ల సందుల్లో తట్టెడు ఆకు సారం దూదితో రుద్దాం. ఆకు మంచిదైతే నూనె ఇంకా మంచిది అనుకోవడమే మా తప్పు. ఉప్పు మంచిదని గుప్పెడు మింగుతామా?

ఈ నూనెలో వంద దాకా పదార్థాలున్నాయి. క్రిములను చంపే పని ముఖ్యంగా చేసేది టెర్పినెన్-4-ఓల్. మంచి నూనెలో ఇది కనీసం 30 శాతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు, తర్వాత దాన్ని 35కు పెంచారు. మన బజారులో దొరికే ప్రతి సీసాలో అంత ఉందని నమ్మకం లేదు. వేరే నూనెలు కలిపి అమ్మేవాళ్లున్నారు.

పని చేస్తుందా అంటే, కొన్నిటికి చేస్తుంది. 1990లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న 124 మంది మీద పరీక్షించారు. 5 శాతం టీ ట్రీ నూనె ఉన్న జెల్ ఒక గుంపుకు, మామూలుగా డాక్టర్లు ఇచ్చే బెంజాయిల్ పెరాక్సైడ్ మరో గుంపుకు. రెండూ పనిచేశాయి. నూనె నెమ్మదిగా పనిచేసింది, కానీ మంట, పొలుసులు తక్కువ. కాలి వేళ్ల సందుల్లో వచ్చే పాచికి 25, 50 శాతం ద్రావణాలు మేలు చేశాయి, అయితే కొందరికి చర్మం పొక్కింది. గజ్జి సంగతి మాకు ముఖ్యం కాబట్టి వెతికి చూశాం. 2004లో ఆస్ట్రేలియా పరిశోధకులు గజ్జి పురుగులను బయటికి తీసి 5 శాతం నూనెలో ఉంచితే అవి చచ్చిపోయాయి. కానీ ల్యాబులో పురుగును చంపడం వేరు, పిల్ల ఒంటి మీద జబ్బు తగ్గించడం వేరు. మన హాస్టళ్లలో గజ్జికి మందు పీహెచ్‌సీలో ఇచ్చే పెర్మెత్రిన్ క్రీమే. గదిలో ఉన్న పిల్లలందరికీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పూయాలి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండేయాలి. ఒక్క పిల్లకు పూసి ఊరుకుంటే వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. ఏ మందైనా అంతే.

జాగ్రత్తల విషయంలో మేము కాస్త కఠినంగా మాట్లాడతాం, క్షమించాలి. ఈ నూనె ఎవరూ, ఏ జబ్బుకూ, ఒక్క చుక్క కూడా తాగకూడదు. వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి తాగితే కఫం పోతుందని ఫోన్లలో తిరిగే మాట నమ్మవద్దు. రెండేళ్లు నిండని ఒక పిల్లవాడు పది మిల్లీలీటర్ల కంటే తక్కువే మింగి, మత్తుగా, తూలిపోతూ ఆసుపత్రికి చేరిన సంగతి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. పొరపాటున పిల్లలు మింగితే కక్కించే ప్రయత్నం చేయకూడదు. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. సీసా చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. జామాయిల్ నూనెకూ ఇదే మాట వర్తిస్తుంది. అది మింగిన పిల్లలకు ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. మన ఇళ్లలో నీలగిరి తైలం సీసా దీపం గూట్లో అందరికీ అందేలా ఉంటుంది, ఆ సంగతి ఇవాళే చూసుకోండి.

పైపూతకు వాడాలనుకుంటే చెంచాడు కొబ్బరి నూనెలో రెండు మూడు చుక్కలు చాలు. ముంజేతి మీద కొద్దిగా పూసి ఒక రోజు ఆగి చూడాలి. కళ్లలో, చెవిలో, నోట్లో వద్దు. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడక్కుండా వాడొద్దు. పిల్లులకు, కుక్కలకు గోమార్లు, ఈగలు పోతాయని ఈ నూనె నేరుగా రుద్దితే అవి వణికి, కాళ్లు పడిపోయిన ఉదాహరణలున్నాయి. మరొక్క విషయం. మూత వదులై, ఎండ తగిలి, పాతబడిన నూనె గాలితో కలిసి మారిపోతుంది. అప్పుడు దద్దుర్లు, ఎలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. మా సీసా రెండేళ్లు కిటికీలో ఉన్నది. అమ్మాయి చేతులు పొక్కడానికి అదీ ఒక కారణం కావచ్చని డాక్టరమ్మ అన్నది.

బంజలంగుల కథ 1930 దగ్గర ఆగిపోలేదు. రిచ్‌మండ్ నది దిగువ ప్రాంతం, బంగవాల్బిన్ వైపున్న నేలల మీద తమ హక్కు గుర్తించమని వాళ్లు కోర్టుకెక్కారు. 2013 డిసెంబరులో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఇవాన్స్ హెడ్ అనే ఊరికే వచ్చి, ఆ నేల మీద వాళ్లకు హక్కుందని తీర్పు చెప్పారు. ఏళ్ల తరబడి నడిచిన కేసు అది. అది మొదలుపెట్టిన పెద్దల్లో కొందరు తీర్పు వినడానికి మిగల్లేదు. వేటాడుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, ఆకు అలము తెచ్చుకోవచ్చు, పూజలు చేసుకోవచ్చు. నూనె సీసాల మీద లాభంలో వాటా మాత్రం ఆ తీర్పులో లేదు.

మన దేశంలో వాటా దాకా వెళ్లిన కథ ఒకటుంది. 1987లో కేరళలో అగస్త్య కొండల్లో తిరుగుతున్న శాస్త్రవేత్తలు, తమకు దారి చూపిస్తున్న కాణి తెగ యువకులు ఏదో కాయ తింటూ అలుపు లేకుండా నడవడం గమనించారు. మొదట వాళ్లు పేరు చెప్పలేదు. తర్వాత చెప్పారు. అది ఆరోగ్యపచ్చ. దాని ఆకుతో జీవని అనే మందు తయారైంది. ఒక ఆయుర్వేద సంస్థకు తయారీ హక్కు ఇచ్చినందుకు వచ్చిన 10 లక్షల రూపాయల్లోనూ, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీలోనూ సగం కాణి జనానికని ఒప్పందం. ఆ డబ్బు కోసం 1997లో వాళ్ల పేర ట్రస్టు ఏర్పడింది. అన్నీ సజావుగా సాగాయని కాదు. కాణివాళ్లు ఆ మొక్కను అడవి నుంచి తేవాలంటే అటవీ శాఖతో తగాదా పడాల్సి వచ్చింది. తెగలో అందరినీ అడగలేదన్న అసంతృప్తీ ఉంది. అయినా ఆకు ఎవరిదో కాగితం మీద ఎక్కింది.

మనకూ కాగితాలున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టాలే అనుకుంటాం. అందులో మూడో సెక్షన్‌లో జీవవైవిధ్యానికి సంబంధించిన సాంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి మేధో హక్కు ఉందని కూడా రాసి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మా మండలంలో ఆ రిజిస్టర్ చూపించమని అడిగాం. చూపించారు. చెట్ల పేర్లు ఉన్నాయి, ఉపయోగం అన్న గడిలో "ఔషధం" అని వరసగా ఒకే మాట ఉంది. ఎవరు చెప్పారో లేదు. ఎంత వాడాలో లేదు.

అందుకని మా బడిలో పిల్లల చేత వేరే పుస్తకం రాయిస్తున్నాం. మామూలు లాంగ్ నోట్‌బుక్కే. ఆకు పేరు మన భాషలో, చెప్పినవారి పేరు, ఊరు, ఏ భాగం, పచ్చిదా ఎండుదా, ఎంత, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వకూడదు అని గడులు గీశాం. చివర ఒక గడి, రాయడానికి ఒప్పుకున్నారా అని. అప్పుడు చేతులు పొక్కిన అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ల నానమ్మ చెప్పిన మందులు పదకొండు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. వాటిలో రెండింటికి ఆకు పేరు గడి ఖాళీగా ఉంటుంది, చివరి గడిలో "చెప్పింది, రాయొద్దంది" అని ఉంటుంది.